పెద్దనాయన పొద్దుటి ప్రశ్న

మా పెద్దనాయన బాలకిష్టయ్యకు ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న: "పొద్దుగాల ఎన్నిసార్లు పోయినవ్?" ఎక్కడికని ఎవరూ అడగరు. గద్వాలలో మా మగ్గాల వీధి మొత్తానికీ తెలుసు, దొడ్డికి.

ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. నిరుడు ఎండాకాలంలో మొదలైంది. పాలు పోసే కృష్ణయ్యను, కూరగాయల జమ్ములమ్మను రోజూ అరుగు దగ్గర ఆపి అడిగేవాడు. చీర కొనడానికొచ్చిన బ్యాంకు మేనేజరు రాజశేఖర్ గారిని కూడా వదల్లేదు.

"సార్, మీరు?"

ఆయన అటూ ఇటూ చూసి, "ఒక్కసారే" అన్నాడు.

"సాఫీగ అయిందా?"

మేనేజరు చీర కొనకుండానే వెళ్ళిపోయాడు.

మా చెల్లెలు కల్పనను చూసుకోవడానికి వీపనగండ్ల నుంచి పెళ్ళివారు వచ్చిన రోజు బతిమాలాను. "ఇయ్యాలొక్కరోజు నోరు మూస్కో పెద్దనాయనా." సరేనన్నాడు. పిల్లాడి తండ్రి చాయ్ కప్పు అందుకోగానే అడిగేశాడు. ఆయన కప్పు కింద పెట్టి, పదిహేనేళ్ళ మలబద్ధకం కథంతా విప్పాడు. వినేవాడు దొరికాడని ఆయనకు ఎంత సంతోషమో! అరగంటలో సంబంధం ఖాయమైంది.

డిగ్రీ మధ్యలో వదిలేసి ఇంట్లో తిరుగుతున్న నాకూ రోజూ తప్పేది కాదు.

"నువ్వేమన్న డాక్టర్‌వా?" అని కసిరేవాణ్ణి.

"కాదురా. నువ్వైతె జెప్పు." చెప్పేదాకా గడప దాటనిచ్చేవాడు కాదు.

మా పెద్దమ్మ నాగేంద్రమ్మ మాత్రం ఎప్పుడడిగినా "ఒకటే" అనేది. ఆమెకు ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ. మూడు వారాలకోసారి హైదరాబాద్ తీసుకెళ్ళి మందు ఎక్కించేవాళ్ళం. గడ్డ తగ్గుతోంది. డాక్టర్ పూర్ణిమ మాట్లాడినంతసేపూ నేను కుదురుగా కూర్చోలేక బయట తిరిగేవాణ్ణి.

ఒక మంగళవారం అరుగు మీద జవాబులు వరసగా వస్తున్నాయి. "రెండు" అంది జమ్ములమ్మ. "నిన్నటిసంది లేదు" అన్నాడు కృష్ణయ్య. కండెకు నూలు చుట్టుకుంటూ పెద్దమ్మ తల ఎత్తకుండా "ఏడు" అంది.

"నీ పనే నయమక్కా" అని కృష్ణయ్య నిట్టూర్చాడు.

పెద్దనాయన నవ్వలేదు. సగం నేసిన చీర మగ్గం మీదే వదిలి లేచాడు. "కారు పిలువురా!"

ఈసారి నేనూ డాక్టరు గదిలో కూర్చున్నాను.

"మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు" అంది పూర్ణిమ మేడమ్. "మంచి కండను కొరకకుండా శరీరమే వాళ్ళకు కళ్ళెం వేసి ఉంచుతుంది. గడ్డ ఆ కళ్ళెమే పట్టుకుని తప్పించుకుంటోంది. మా మందు కళ్ళెం వదులు చేస్తుంది. అప్పుడు గడ్డను కొరుకుతారు, ఒక్కోసారి మంచి పేగును కూడా. విరేచనాలు పెరిగితే వెంటనే రమ్మని మొదటి రోజే చెప్పాను కదా. ఇంకో నాలుగు రోజులు దాచితే పేగుకు చిల్లు పడేది."

"మగ్గం మీది పడుగు లెక్కనే మేడమ్" అన్నాడు పెద్దనాయన. "మస్తు బిగిస్తె పోగు తెగుతది. వదులు జేస్తె బట్టే తయారుగాదు."

మందు ఆపి, పేగు మంట తగ్గడానికి మాత్రలు ఇచ్చారు. బయటికి రాగానే అడిగేశాను. "గా ముచ్చట పెద్దమ్మను అడిగితె అయిపోవు గదా! ఊరందర్ని ఎందుకు సతాయించినవ్?"

"కాన్పు నొప్పులొస్తున్నయనే నాకు జెప్పలేదురా మీ పెద్దమ్మ. పక్కింటామె జెప్పింది. గిసొంటిది జెప్తదా? ఒక్కదాన్నే అడిగితె సిగ్గుతోటి సస్తది. అందరు అరుగు మీద జెప్పుకునేదైతె, ఆమె గూడ జెప్తదనుకున్న."

"మందు ఆపుతరని భయపడి మూడు దినాలు ఒకటే అన్న" అంది పెద్దమ్మ, కొంగు సర్దుకుంటూ. "అందరు జెప్తుంటె నోట్లకెళ్ళి ఎల్లిపాయె."

ఆరు వారాల్లో పేగు శాంతించింది. గడ్డ పెరగలేదు. మందు మళ్ళీ మొదలుపెడుతూ, ఈసారి ఒంటి మీద దద్దుర్లు కూడా గమనించమంది మేడమ్.

మర్నాడు పొద్దున పెద్దనాయన, వీధికి కొత్తగా వచ్చిన అంగన్‌వాడీ టీచరు ప్రవళికను ఆపాడు. "ఏం టీచరమ్మా, ఒంటిమీద దురద గిట్ల ఏమన్న..."

టీచరమ్మ కొట్టడానికి చేతిలో గొడుగు పైకెత్తింది. నేను పరుగెత్తుకెళ్ళి మధ్యలో నిలబడి చొక్కా విప్పేశాను.

"ముందుగాల నాది చూడు పెద్దనాయనా!"