గుండె బాగానే ఉందన్నారు

ఆ రోజుల్లో నేను గ్యాస్ మాత్రలతో బతికేవాణ్ని. మింగి కాదు, రాయించి. మెడకు టై బిగించి, నల్ల బ్యాగు పట్టుకుని, డాక్టర్ల దగ్గరికి వెళ్లి మా కంపెనీ మాత్ర గొప్పతనం గడగడా అప్పజెప్పి, దండం పెట్టి బయటికొచ్చే మెడికల్ రెప్ ఉద్యోగం. తొంభైల చివరి మాట. గవర్నర్‌పేట క్లినిక్కులు, అటు గన్నవరం, ఇటు చల్లపల్లి దాకా నా పరిధి. మే నెల బెజవాడ ఎండలో టై కట్టుకునేది పెళ్లికొడుకులూ మేమూ మాత్రమే. పెళ్లికొడుకులకు ఒక్కరోజుతో పోయేది.

ఆ పరిధిలో జనానికి నిద్ర పట్టకపోయినా, ఆయాసం వచ్చినా, కోడలితో పడక కళ్లు తిరిగినా చాలామంది డాక్టర్లు గ్యాస్ అనే చెప్పేవాళ్లు. వాళ్ల చలవ వల్ల మా కంపెనీ దినదినాభివృద్ధి చెందుతూ ఉండేది.

ఒక మధ్యాహ్నం గవర్నర్‌పేటలో ఒక పేరున్న డాక్టరుగారి హాల్లో పేషెంట్ల మధ్య కూర్చుని ఉన్నాను. రెప్పుల్ని చూస్తే పేషెంట్లకు మంట. మధ్యలో దూరతామని. కాంపౌండరుకు ఇంకా మంట. అందుకని నేను ఎవరి కళ్లలోకీ చూడకుండా ఫ్యాన్ వంక చూస్తున్నాను. ఉన్నట్టుండి గుండె దడదడలాడటం మొదలైంది. మెట్లెక్కితే వచ్చే దడ కాదు. ఎవరో లోపలినుంచి తలుపు బాదుతున్నట్టు. చేతివేళ్లు తిమ్మిరెక్కాయి. ఎంత పీల్చినా గాలి గొంతులోనే ఆగిపోతోంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. చచ్చిపోతున్నానని నాకు స్పష్టంగా తెలిసిపోయింది. అంత స్పష్టంగా నాకు జీవితంలో ఇంకేదీ తెలియలేదు.

లేచి కాంపౌండరు దగ్గరికి వెళ్లాను.

"నాకేదో అయిపోతోందండీ. డాక్టరుగారి దగ్గరికి ఒక్కసారి పంపండి."

ఆయన తల కూడా ఎత్తలేదు. "మొన్నొకాయన వాళ్లావిడకి నొప్పులొస్తున్నాయన్నాడు. ఇయ్యాల మీకు ప్రాణం పోతంది. లోపలికెళ్లడానికి మీ రెప్పులు నేర్చుకోని విద్య లేదు కదండీ! కూర్చోండి, పిలుస్తా."

బెంచీ మీద ఒక పెద్దావిడ నా మొహం చూసి లేచింది. "అయ్యో, అబ్బాయి నిజంగానే తెల్లగా పాలిపోయాడయ్యా. ఇదేం నటన కాదు" అని సర్టిఫికెట్ ఇచ్చాక నన్ను లోపలికి మోసుకెళ్లారు. బ్యాగుతో సహా.

ఈసీజీ తీశారు. డాక్టరుగారు ఆ పొడుగాటి కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి నవ్వారు. "గుండ్రాయిలా ఉందయ్యా నీ గుండె. ఏం లేదు. గ్యాస్ పైకి తన్నింది." చీటీ తీసి గీకి నా చేతిలో పెట్టారు. "మీ మాత్రే రాశా. సంతోషమేనా?"

నేను బల్ల మీద లేచి కూర్చుని నమస్కారం పెట్టాను. "థాంక్యూ సార్. మీ సపోర్ట్ ఇలాగే ఉండాలి సార్" అన్నాను. అలవాటు. సాయంత్రం కంపెనీకి పంపే రిపోర్టులో, ఆ డాక్టరుగారు మన మాత్ర రాస్తున్నారని గర్వంగా రాశాను కూడా.

మాత్ర వేసుకున్నాను. దాని గురించి అన్ని చోట్లా చెప్పింది నేనే కాబట్టి నమ్మక తప్పలేదు. వారం తిరక్కుండా సిటీ బస్సులో మళ్లీ వచ్చింది. తర్వాత బ్యాంకులో వరసలో నిలబడి ఉండగా. తర్వాత ఏ కారణమూ లేకుండా, ఇంట్లో పేపరు చదువుకుంటుంటే.

అమ్మ మా దగ్గరే ఉండేది. ఆవిడకు వైద్యం మీద గౌరవం ఉంది గానీ నమ్మకం లేదు. "దిష్టి నాన్నా. టై కట్టుకుని తిరుగుతుంటే తగలదూ?" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టట. ఇల్లంతా ఘాటే. పక్క వాటా వాళ్లు కూడా దగ్గారు. దిష్టి లేదని తేలిపోయింది. ఆ పొగకు ఊపిరాడక నాకు మాత్రం దడ మళ్లీ వచ్చింది.

సంగతి బంధువులకు తెలిసింది. పరామర్శకు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు బత్తాయిలు పక్కన పెట్టి, కుర్చీ దగ్గరకు లాక్కుని, అచ్చం నాకొచ్చినట్టే వచ్చి పోయినవాళ్ల కథలు చెప్పేవారు.

"మా తోడల్లుడికీ ఇంతే. ఈసీజీ బాగానే ఉందన్నారు. ఇంటికొచ్చి మంచినీళ్లడిగాడు. అంతే."

"ఇంతే బాబూ, నీ వయసే. కాఫీ తాగుతా తాగుతా..."

చివర్లో నా భుజం తట్టి, "నువ్వేం భయపడబాకు" అని వెళ్లిపోయేవారు. మా ఆవిడ వాళ్లకు కాఫీలిచ్చి, వాళ్లు వెళ్లాక తలుపేసి, "వీళ్ల దుంపతెగ" అనేది. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మందు ఆ మాటే.

నేను భయపడటం ఒక పద్ధతిగా నేర్చుకున్నాను. ఏ వీధిలో ఈసీజీ మిషను ఉందో గుర్తుపెట్టుకుని, ఆ వీధుల్లోనే తిరిగేవాణ్ని. ప్రకాశం బ్యారేజీ మీద ఆసుపత్రి లేదు కనక అటు వెళ్లడం మానేశాను. సినిమాకు వెళితే గుమ్మం పక్క సీటు. పెళ్లికి వెళితే చెప్పులు విప్పే చోట. గన్నవరం వెళ్లే బస్సులో డ్రైవరు వెనకాలే నిలబడేవాణ్ని, నాకు ఏదైనా అయితే బస్సును ఆసుపత్రికి తిప్పమని అడగడానికి వీలుగా. ఇదంతా జాగ్రత్త అనుకునేవాణ్నే గానీ, రోగం అనుకోలేదు.

అలా ఉండగా ఒకరోజు సెలూనుకు వెళ్లాను. కుర్చీలో కూర్చోగానే మెడ చుట్టూ గుడ్డ బిగించి, మొహమంతా నురగ పట్టించి, సెలూనాయన కత్తి తీశాడు. కుడి చెంప అయింది. ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి మెడ దగ్గర గుడ్డ బిగుసుకున్నట్టనిపించింది. లేవడానికి లేదు, మాట్లాడటానికి లేదు, మీద కత్తి. అంతే, దడ మొదలైంది. ఆయన కత్తి తుడుచుకోవడానికి అటు తిరిగిన క్షణంలో నేను లేచి పరిగెత్తాను. మెడకు తెల్లగుడ్డ, సగం మొహానికి నురగ, గవర్నర్‌పేట రోడ్డు మధ్యలో నేను. ఆటోలు ఆగాయి. సెలూనాయన వెనకాలే అరుస్తున్నాడు: "ఏవండీ! ఒక చెంపుందండీ! పోనీ గుడ్డన్నా ఇచ్చెళ్లండీ!"

ఎదురుగా నా డాక్టర్లలో ఒకాయన స్కూటరు మీద వస్తూ నన్ను చూశారు. నేను అలవాటు కొద్దీ "గుడ్ మార్నింగ్ సార్" అన్నాను. ఆయన కూడా అలవాటు కొద్దీ "శాంపిల్స్ ఉంటే రేపు తీసుకురావయ్యా" అని వెళ్లిపోయారు.

ఆ నెలలోనే కంపెనీ కొత్త మాత్ర ఒకటి తెచ్చింది. టెన్షన్‌కు. ఒక లాడ్జి హాల్లో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, హైదరాబాదు నుంచి వచ్చిన మేనేజరు ఉపన్యసించాడు. "ఫ్రెండ్స్, జనంలో ఆందోళన విపరీతంగా పెరుగుతోంది. ఇది మనందరికీ శుభవార్త!" అందరం చప్పట్లు కొట్టాం. నేను గుమ్మం పక్కన కూర్చుని కొట్టాను.

ఆ మాత్ర పుణ్యమా అని నా డాక్టర్ల జాబితాలో మానసిక వైద్యురాలు ఒకావిడ చేరింది. ఆవిడ క్లినిక్ ఒక సందులో, మేడ మీద. కింద బోర్డు చిన్నది. హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు గానీ పేషెంటు ఒక్కడూ లేడు. ఒకాయన బావమరిది కోసం వచ్చాడు. ఒకావిడ పక్కింటావిడ కోసం. ఇంకొకాయన మేడ మీద ఇల్లు అద్దెకుందేమో కనుక్కోవడానికి వచ్చాడట, ప్రతి నెలా వస్తాడట. అందరిలోకీ మర్యాదైన సాకు నాదే. టై ఉంది, బ్యాగు ఉంది.

లోపలికెళ్లి మాత్ర గురించి చెప్పడం మొదలుపెట్టాను. గుండెదడ, చేతుల తిమ్మిరి, ఊపిరాడకపోవడం, ఇప్పుడే చచ్చిపోతానన్న భయం... ఇలాంటివాటికి మా మందు బాగా పనిచేస్తుందని చెబుతూ చెబుతూ నా గొంతు తగ్గిపోయింది. బ్యాగు మూసి, "మా ఫ్రెండొకడు ఉన్నాడు మేడమ్" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "చెప్పండి. మీ ఫ్రెండుకి ఎన్నాళ్లుగా?"

"ఏడాది దాటింది మేడమ్."

"మళ్లీ వస్తుందేమోనని చోట్లు మానేస్తున్నారా ఆయన?"

"బ్యారేజీ మానేశాడు. సెలూను కూడా."

"గడ్డం మీద ఆ గాటు ఆయనదేనా?"

నేను చేయి గడ్డం మీద పెట్టుకున్నాను. సెలూను మానేశాక ఇంట్లో నేనే గీసుకుంటుంటే తెగిన గాటు.

ఆవిడ నవ్వలేదు. "మీ ఫ్రెండుకి గుండె జబ్బు లేదు, పిచ్చీ లేదు. దీన్ని పానిక్ ఎటాక్ అంటారు. ఒంట్లో ఒక కాపలా కుక్క ఉందనుకోండి. దొంగొస్తే మొరగాలి. ఆయనది పాలవాడొచ్చినా మొరుగుతోంది. కుక్కని చంపక్కర్లేదు, పాలవాణ్ని మాన్పించక్కర్లేదు. మెల్లగా అలవాటు చెయ్యాలి. సాయంత్రం ఆయన్ని పంపించండి. బ్యాగు తేవద్దని చెప్పండి."

సాయంత్రం ఫ్రెండు వెళ్లాడు. బ్యాగు లేకుండా, టై లేకుండా.

కొన్నాళ్లు మందులు వాడమన్నారు. మా కంపెనీది కాదు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది కూడా. అసలు వైద్యం మాత్రం ఇంకోటి: దడ వచ్చినప్పుడు పారిపోకుండా ఉన్నచోటే ఉండటం. ఊపిరి లోపలికి లాగడానికి కొట్టుకోకుండా, నెమ్మదిగా బయటికి వదలడం. అది కొండలా పైకి లేచి, దానంతటదే కిందికి దిగిపోతుందని కళ్లారా చూడటం. వినడానికి సులువు. బ్యారేజీ మీద సగం దూరం నడిచి, రెయిలింగు పట్టుకుని, కింద నీళ్లను చూస్తూ చావు కోసం ఎదురుచూస్తూ నిలబడటం ఎలా ఉంటుందో నిలబడినవాడికే తెలుసు. ఒకాయన సైకిలు ఆపి, "దూకుతారా ఏంటండీ?" అని అడిగాడు. "లేదండీ, వైద్యం" అన్నాను. ఆయన ఇంకా కంగారుపడి, నేను అవతలి గట్టు చేరేదాకా సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే వచ్చాడు.

సెలూనుకు కూడా వెళ్లాను, ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డతో. ఆయన గుడ్డ తీసుకుని, గుమ్మానికి అడ్డంగా ఒక స్టూలు వేసి, ఆ తర్వాతే నురగ కలిపాడు.

ఇంట్లో చెప్పక తప్పలేదు. మా ఆవిడ "గుండె కాదు కదా? హమ్మయ్య" అంది. అమ్మ మాత్రం కూలబడిపోయింది. "పిచ్చి డాక్టరమ్మ దగ్గరికెళ్లావా? నలుగురికీ తెలిస్తే? చెల్లెలికి ఇంకా సంబంధాలు చూడాలి కదరా!" ఆవిడే పరిష్కారం కూడా కనిపెట్టింది. "అడిగినవాళ్లకి గుండె అని చెబుదాం."

అలా నేను గుండె జబ్బు లేదని తేలాక గుండె జబ్బు మనిషినయ్యాను. ఆ హోదా మామూలుది కాదు. అంతకుముందు "కాస్త ధైర్యంగా ఉండాలయ్యా" అని విసుక్కున్నవాళ్లు కుర్చీ వేయడం మొదలుపెట్టారు. చల్లపల్లిలో మా అత్తవారింట్లో అయితే నన్ను మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనిచ్చేవారు కాదు. దానికి ప్రతిఫలంగా నాకు ఉప్పు, కారం, నూనె తీసేశారు. చేపల పులుసు ఘుమఘుమలాడుతుంటే నా విస్తట్లో ఉడికించిన సొరకాయ. ఆవకాయ జాడీ నా ఎదురుగానే మా తోడల్లుడి చేతుల్లోకి వెళ్లేది. దడ తగ్గిపోయి హాయిగా ఆకలి వేస్తున్న రోజుల్లో ఈ శిక్ష.

ఇలా రెండేళ్లు గడిచాయి. ఈలోగా చెల్లెలి పెళ్లి కూడా అయిపోయింది. ఒక ఆదివారం చల్లపల్లిలో అందరం భోజనాలకు కూర్చున్నాం. కొర్రమేను పులుసు. మా అత్తగారు నాకు చప్పటి పప్పు వడ్డించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"నాకు గుండె జబ్బు లేదండీ" అన్నాను. "ఎప్పుడూ లేదు. నాకున్నది భయం జబ్బు. మానసిక వైద్యురాలి దగ్గర చూపించుకున్నాను. తగ్గింది. ఆ పులుసు వెయ్యండి."

మామగారు ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయారు. మా తోడల్లుడు తన విస్తరి వంక తప్ప ఎటూ చూడలేదు. అత్తగారు గరిటె పట్టుకుని నా వంక కాదు, కూతురి వంక తిరిగారు.

"ఏమే, నీకు తెలుసా ఇది?"

"తెలుసమ్మా."

"తెలిసీ ఇన్నాళ్లూ నా చేత రెండు పొయ్యిల మీద రెండు వంటలు చేయించావా? వచ్చినప్పుడల్లా? నడుములు పడిపోయేట్టు?"

తర్వాత నా విస్తట్లో పడిన ముక్క తల వైపుది, పెద్దది. మామగారు ముద్ద మింగి, "భయమా? దేనికి అల్లుడుగారూ?" అని మాత్రం అడిగారు. దేనికో తెలిస్తే జబ్బెందుకవుతుందండీ అన్నాను. ఆయన "అదీ నిజమే" అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. చాటున అనుకున్నారేమో నాకు తెలియదు. కుర్చీలు వేయడం మాత్రం మానేశారు.

ఇప్పటికీ అది పూర్తిగా పోయిందని చెప్పను. చెప్పాపెట్టకుండా అప్పుడప్పుడూ వచ్చిపోతుంది. రెండువేలు దాటి కొన్నేళ్లయ్యాక ఒకసారి కిక్కిరిసిన గన్నవరం బస్సులో, మధ్య సీట్లో ఉండగా వచ్చింది. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే పక్కనున్న ఆయనతో చెప్పేశాను: "నాకు కొంచెం భయం వేస్తోందండీ. ఏం లేదు, కాసేపట్లో పోతుంది. కిటికీ తీస్తారా?"

ఆయన అద్దం పైకి తోశాడు. నా మొహం ఒకసారి చూసి, ఏమీ అడగకుండా, కైకలూరు దగ్గర తన రొయ్యల చెరువుల సంగతి ఎత్తుకున్నాడు. మేత ధర, తెల్లమచ్చ తెగులు, కరెంటు కోత, బావమరిది చేసిన మోసం. నేను నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఊ కొడుతూ కూర్చున్నాను. రొయ్యలన్నీ చచ్చిపోయే ఘట్టం వచ్చేసరికి నా చేతులు మళ్లీ మామూలయ్యాయి. నేను దిగాల్సిన స్టాపొచ్చింది. దిగుతానని చెప్పాను.

"కూర్చోండి, కథ మిగిలింది" అన్నాడాయన. తర్వాతి స్టాపు దాకా కూర్చున్నాను.