ఎడమ చెవిలో ఈగ

మా చిన్నప్పుడు పిన్ని ఇంట్లో గుసగుసలు సాగేవి కావు. ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతూనే, వెనక గదిలో మేం ఏ కుట్ర పన్నుతున్నామో వినేసేది. మూత తీసిన చప్పుణ్ణి బట్టి ఏ డబ్బాలో చెయ్యి పెట్టామో కూడా చెప్పేది. “అది బిస్కెట్ల డబ్బా. మూసెయ్” అని అక్కణ్ణుంచే ఓ కేక వినిపించేది. దొంగతనం చేయాలంటే మా అమ్మ ఇంట్లో, అంటే పై వాటాలో చేయాలి. కింద పిన్ని దగ్గర మా పప్పులుడికేవి కావు.

ఆ చెవులు ఊరికే రాలేదు. పిన్ని హెడ్‌ఫోన్ల ఫ్యాక్టరీలో పని చేసేది. ఆమె చోటు వినికిడి గది. దానికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, గోడలకు దళసరి మెత్తలు, మధ్యలో ఒక బల్ల, ఒక కుర్చీ. హాల్లో తయారైన జతలు ట్రేలలో వచ్చేవి. పిన్ని ఒక్కొక్కటే తలకు పెట్టుకుని మీట నొక్కేది. లోపల ఒక మోత ఎక్కడో అడుగు నుంచి మొదలై, మెల్లగా పైకెక్కి, సన్నని ఈలగా మారి మాయమైపోయేది. అంతే. పాటా లేదు, పల్లవీ లేదు. రోజంతా ఆ మోత ఎక్కడమే వినాలి. నాకైతే ఒక్క పూటకే పిచ్చెక్కేది.

లోపాలకు ఆ గదిలో వాళ్ళు పెట్టుకున్న పేర్లు వేరు. మోత ఎక్కుతుండగా ఎక్కడైనా జుయ్యిమంటే అది ఈగ. గరగరలాడితే ఇసుక. మందంగా, ముసుగేసుకుని మాట్లాడినట్టుంటే దుప్పటి. డబ్బా మోతైతే రేకు. పెద్ద ఇంజనీర్లు కూడా “ఇవాళ ఈగలెక్కువగా ఉన్నాయేంటమ్మా?” అని అడిగేవారట. లోపం దొరికిన జత తీగకు పిన్ని ఎర్ర దారం కట్టేది. ఎవరు చేసిన జతకు దారం పడితే వాళ్ళే సాయంత్రం వినికిడి గది గుమ్మం దాకా వచ్చి, ఆమె చేతిలోంచి దాన్ని తీసుకెళ్ళి బాగుచేసుకోవాలి. సిగ్గుతోనైనా వాళ్ళ చెయ్యి కుదురుతుందని సూపర్‌వైజరు పెట్టిన రూలు అది.

మా బాబాయి విషయంలో చెయ్యి కుదరలేదు, పెళ్ళి కుదిరింది.

బాబాయి హాల్లో కూర్చుని, కదిలితే శబ్దమయ్యే పల్చని పొరను హెడ్‌ఫోన్ చెవి గిన్నెలో అమర్చి మూసేవాడు. పనిలో శ్రద్ధ లేక కాదు, ఖర్మ. తలమీద వెంట్రుకలు అప్పటికే ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటున్నాయి. టోపీ పెట్టుకున్నా ఏదో ఒకటి జారి పొర మీద పడేది. పొర కదిలినప్పుడల్లా అది తగిలి జుయ్యిమనేది. ఫ్యాక్టరీ మొత్తంలో ఎక్కువ ఈగలు ఆయనవే. అందుకే అక్కడ ఆయన పేరు ‘ఎర్రదారం’. ఇప్పటికీ పాత స్నేహితులెవరైనా ఫోన్ చేస్తే “ఏరా ఎర్రదారం!” అనే పిలుస్తారు. ఆయన కూడా దర్జాగా పలుకుతాడు.

ఆయన చెప్పే కథ ఒకటుంది. మేం ఎన్నిసార్లు విన్నామో! భోజనాల దగ్గర ఎవరైనా కొత్తవాళ్ళు కనిపిస్తే చాలు, మొదలెట్టేవాడు.

“సూపర్‌వైజరు నాకు ఆఖరి మాట చెప్పేశాడు. ఇంకొక్క ఎర్ర దారం పడిందా, ఊరవతల ప్యాకింగ్ షెడ్డుకి పొమ్మన్నాడు. ఆ మర్నాడు నేను చేసిన మొదటి జత ఉంది చూశారూ... మా ఆవిడ విన్నది. దారం కట్టలేదు. కట్టకపోవడమే కాదు, సాయంత్రం స్టాఫ్ కోటాలో తనే కొనేసుకుంది! ఎందుకు కొన్నట్టు? అంత బ్రహ్మాండంగా ఉంది కాబట్టి!”

సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి పిన్నికి పొయ్యి మీద ఏదో గుర్తొచ్చేది. లేచి లోపలికి వెళ్ళిపోయేది. పొగిడితే సిగ్గేమో అనుకునేవాళ్ళం.

ఆ జత ముందుగదిలో క్యాసెట్ ప్లేయర్ పక్కన, మేకుకు వేలాడుతూ ఉండేది. బరువైన నల్లటి గిన్నెలు, మెలికలు తిరిగిన తీగ, బొటనవేలంత పిన్ను. మధ్యాహ్నం పనులయ్యాక పిన్ని దాన్ని తీసేది. నేను బడి లేని రోజుల్లో ఆమె పక్కన చేరేదాన్ని. గిన్నెలు రెండూ బయటికి తిప్పి, మా ఇద్దరి తలల మధ్యా పెట్టేది. ఒక చెవి ఆమెది, ఒక చెవి నాది. నాకెప్పుడూ కుడి గిన్నే ఇచ్చేది. ఒకసారి ఎడమది కావాలని మారాం చేస్తే, “అది నాది” అంది. చాక్లెట్టులో ముక్క విరిచి ఇచ్చే పిన్ని, ఆ ఒక్క విషయంలో మాత్రం గీత గీసేసింది. మెత్తల వాసన, ఆమె తలనూనె వాసన, పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం, ఇవన్నీ కలిసిపోయి నాకు మధ్యాహ్నం అంటే అదే. ఇప్పుడు ఎంత ఖరీదైన స్పీకర్లో విన్నా నాకు ఆ మధ్యాహ్నం దొరకదు. దొరకదని తెలిసీ వెతుక్కుంటూనే ఉంటాను.

ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత ఎవరో కొన్నారు. కొన్నవాళ్ళకు ఇప్పుడు పాత మోడల్ మీద ప్రేమ పుట్టుకొచ్చి, దాన్నే ‘స్పెషల్ ఎడిషన్’ అని మళ్ళీ తయారు చేశారు. అయితే పోల్చి చూసుకోవడానికి వాళ్ళ దగ్గర పాత జత ఒక్కటీ మిగల్లేదు. పిన్ని దగ్గర ఉందని ఎవరో చెప్పారట. ఒక ఇంజనీరమ్మాయి ఫోన్ చేసింది. కొత్తది పట్టుకుని వస్తానని, మేడంగారు రెండూ విని, పాత శబ్దం వచ్చిందో లేదో కెమెరా ముందు ఒక్క మాట చెబితే చాలని.

బాబాయి ఆ పూటే షర్టు ఇస్త్రీకి ఇచ్చేశాడు. పిన్ని మాత్రం మేకుకున్న జత వైపు చూడటమే మానేసింది.

ఎందుకో నాకు తెలుసు. తలుపు గంట మోగితే బాబాయి లేచి వెళ్తున్నాడు. టీవీ శబ్దం పై వాటాలోకి వస్తోంది. సన్న గొంతువాళ్ళు మాట్లాడితే పిన్ని నవ్వి తలూపుతోంది, అడిగినదానికి జవాబు రావడం లేదు. మేమందరం చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాం. బిస్కెట్ల డబ్బా చప్పుడు వినేసిన చెవి గురించి ఎవరు మాత్రం నోరు విప్పుతారు?

బట్టలారేస్తూ తనే అంది. “తేడా వినపడకపోతే ఏం చేయనే?”

“ఒకటేలా ఉన్నాయని చెప్పెయ్ పిన్నీ. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుందిగా. దొంగ పాస్ వెయ్యడమా? ఇంకోసారి ఆ పని చెయ్యను.”

ఆ ‘ఇంకోసారి’ని నేనప్పుడు పట్టించుకోలేదు. వాళ్ళను రావద్దని చెప్పేద్దామా అని అడిగాను. వద్దంది. “తేలిపోనీ. రోజూ భయపడి చావలేకపోతున్నాను” అంది.

ఇంజనీరమ్మాయి చెప్పిన వేళకే వచ్చింది. మంచి పిల్ల. చెప్పులు బయట విడిచి, పెట్టెను రెండు చేతులా పట్టుకుని లోపలికొచ్చింది. పెట్టెలో పట్టుగుడ్డ, గుడ్డలో హెడ్‌ఫోన్. అదే ఆకారం, అదే నలుపు, గిన్నె చుట్టూ బంగారు గీత ఒకటి ఎక్కువ. “పెళ్ళికూతురిలా ఉంది” అన్నాడు బాబాయి. ఆ అమ్మాయి మేకుకు ఉన్న పాతదాన్ని చూసి, ముట్టుకోవచ్చా అని అడిగి మరీ ముట్టుకుంది. దాంతో మాకు నచ్చేసింది.

పిన్ని టీ పెట్టి తెచ్చేలోపు నేను రెండింటిలో ఒకే పాట విన్నాను. కొత్తదాంట్లో ప్రతి వాయిద్యం దాని చోట అది కూర్చుంది. కింది మోత గుండెకు తగిలింది. పాతదాంట్లో అంత శుభ్రత లేదు. వాయిద్యాలన్నీ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాయి. కానీ పాడే మనిషి మాత్రం నా పక్కనే ఉంది, మా మధ్యాహ్నాల్లో ఉన్నట్టే. నాలాంటిదాన్ని ఎవరు అడుగుతారు గానీ, అడిగితే నా ఓటు పాతదానికే.

పిన్ని కుర్చీలో నిటారుగా కూర్చుంది. పాట వద్దంది. “మోత పెట్టమ్మా. కింది నుంచి పైకి.”

ముందు కొత్తది పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. తర్వాత పాతది. మళ్ళీ కొత్తది. మళ్ళీ పాతది. చివరిసారి ఎడమ గిన్నెను అరచేత్తో చెవికేసి నొక్కి పట్టుకుంది. తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“రెండూ ఒకటే” అంది.

బాబాయి చప్పట్లు కొట్టాడు. “చూశావా అమ్మాయ్! నా చేతి పనికి సాటి రావడానికి మీకు ఇన్నేళ్ళు పట్టింది.”

“కెమెరా ఆపు తల్లీ” అంది పిన్ని. “రెండూ ఒకటిగా ఉండకూడదు. పాతదాంట్లో ఈగ ఉండాలి.”

బాబాయి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. “నా జతలోనా? నువ్వు పాస్ చేసినదాంట్లోనా?”

“ఎడమవైపు. పాటలో మామూలు చెవులకు దొరకదు. ఎన్నో ఏళ్ళు విన్నాను. ఈ మధ్య వినపడట్లేదు. వెంట్రుక ఊడిపోయిందేమో అనుకున్నాను, అనుకుని ఊరుకున్నాను. ఈగ పోయిందో, నా చెవి పోయిందో నాకు తెలియట్లేదండీ.” పిన్ని ఆ జతను ఆయన వైపు చాపింది. “మీరు విని చెప్పండి.”

అంతవరకు ఆ జతను ఆయన ఒక్కసారి కూడా తలకు పెట్టుకోలేదు. రోజంతా చేతుల్లో ఉండేవే కదా, మళ్ళీ ఇంట్లో కూడానా అనేవాడు. ఇప్పుడు పెట్టుకున్నాడు. బట్టతల మీద ఆ పట్టీ జారుతుంటే రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ అమ్మాయి మోత మొదలుపెట్టింది.

నేను ఆయన పెదాలకేసి చూస్తున్నాను. లేదని చెప్పెయ్ బాబాయ్, అని లోపల మొక్కుకుంటున్నాను. ‘లేదు’ అన్న ఒక్క మాటతో పిన్ని చెవి నిలబడుతుంది. అందరికీ చెప్పుకున్న ఆయన కథా నిలబడుతుంది. ఆయన స్థానంలో నేనుంటే నిమిషం ఆలోచించకుండా అనేసేదాన్ని.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. చెయ్యెత్తి ఆ అమ్మాయిని ఆపమన్నాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. రెండోసారీ విని, తీసి, పిన్ని మొహంలోకి చూశాడు.

“ఉంది” అన్నాడు.

పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అయితే పోయింది నా చెవే” అంది. వెంటనే ముందుకు వంగి, “ఇంకా ఉందా? ఎక్కడొస్తోంది?” అని అడిగింది.

“మోత కాస్త పైకెక్కగానే. కొంచెంసేపే. సన్నగా.”

“సన్నగానే. తర్వాత ఒక్కసారి ఆగి, మళ్ళీ వస్తుంది.”

“ఆ. మళ్ళీ వచ్చింది.”

“అదే” అంది పిన్ని. ఏడుస్తూనే నవ్వింది. ఆమె అంత సంతోషపడటం నేను చూసి చాలా కాలమైంది.

బాబాయి మాత్రం తేరుకోలేదు. “ఈగ ఉందని తెలిసి ఎందుకు కొన్నావ్?”

“ఇంకెవరో కొనుక్కుని దాంతో వేగకూడదని.”

“మరి పాస్ ఎందుకు చేశావ్?”

పిన్ని ఇంజనీరమ్మాయినీ నన్నూ చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది. “ప్యాకింగ్ షెడ్డు ఊరవతల కదండీ” అంది. “మీరు అక్కడికి పోతే సాయంత్రం నా గుమ్మం దగ్గరికి ఎవరొస్తారు?”

ఆ అమ్మాయి తల దించుకుని తీగలు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిందే చుట్టింది. చివరికి, మరి తను ఏమని చెప్పుకోవాలని మెల్లగా అడిగింది. “కొత్తది బాగుందమ్మా. ఈగ ఒక్కటే తక్కువ” అన్నాడు బాబాయి.

తర్వాత ఆయన లేచాడు. ఇస్త్రీ షర్టు సరిచేసుకుని, చేతిలో ఉన్న జతను తిరిగి పిన్ని ఒళ్ళో పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అక్కణ్ణుంచి నడిచి వచ్చి ఆమె ముందు నిలబడి చెయ్యి చాపాడు.

“ఫెయిలైన జతను చేసినవాడే వచ్చి తీసుకెళ్ళాలి. రూలు. ఇటివ్వు.”

పిన్ని దాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుంది.

“ఇవ్వను” అంది. “అది పాస్ అయింది.”