మైకు లేని చవితి

గోరేబాళలో పందిరి కమిటీ అధ్యక్షుడు ఎప్పుడూ మా పెదనాన్నే. ప్రతి వినాయక చవితికీ మైకును వేలితో రెండుసార్లు తట్టి, "పిల్లలే దేవుళ్లండీ" అని మొదలుపెట్టేవాడు. ఆయన ముగించేదాకా ఆ దేవుళ్లు పులిహోర కోసం ఎండలో నిలబడాల్సిందే. నీడలో కుర్చీలు చందాలిచ్చే రైసు మిల్లు వాళ్లకి. పిల్లలెవరైనా విగ్రహాన్ని ముట్టుకోబోతే మైకులోనే కసిరేవాడు.

కరోనా ఏడాది పందిళ్లు వద్దన్నారు. పెదనాన్న మాస్కు పెట్టుకుని మా అరుగు మీద దిగాలుగా కూర్చున్నాడు. పిల్లలు మాత్రం కాలవ గట్టు నుంచి నల్లమట్టి తెచ్చి, వాకిట్లో తలో వినాయకుణ్ణి చేస్తున్నారు. ఒకడి దేవుడికి చెవుల్లేవు. ఇంకొకడి ఎలుక దేవుడికంటే పెద్దది.

పెదనాన్న ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ గాలిని రెండుసార్లు తట్టి, "పాపం, ఈ ఏడు మీకు పండగ లేకుండా పోయిందర్రా" అన్నాడు.

మా తమ్ముడి తొమ్మిదేళ్ల కూతురు తలెత్తకుండానే, "పండగుంది తాతా. లేనిది నీ మైకే" అంది.

నేను నాలుక్కరుచుకున్నాను. ఆయన మొహం కందిపోయింది. కాసేపటికి పంచె ఎగ్గట్టి ఆ పిల్ల పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"కాసిని నీళ్లు పొయ్యవే, తొండం నిలబడట్లేదు."

ఆయన వినాయకుడు అచ్చం దున్నపోతులా తయారయ్యాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. కసరబోయి ఆయనా నవ్వేశాడు. అన్నేళ్లు పండగలు జరిపించిన మనిషి పిల్లల్ని నవ్వించడం నేను చూసింది ఆ ఒక్కసారే.