బడేసాహెబ్ జర్మనీ బిళ్ళ

కోట అనే ఊళ్ళో పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే అమీర్ బాషాకి తండ్రి బడేసాహెబ్ నుంచి వచ్చిన ఆస్తి రెండే. ఒకటి, శిలువ ఆకారంలో ఉన్న జర్మనీ పతకం. రెండోది, ఆ పతకం పుణ్యమా అని ఇంటికి అంటుకున్న పేరు: బొంకులోళ్ళ ఇల్లు.

మొదటి యుద్ధంలో బడేసాహెబ్ ఫ్రాన్సుకి వెళ్ళాడు. దెబ్బ తగిలి పడున్న ఒక జర్మన్ ఆఫీసరుకి నీళ్ళు తాగిస్తే, అతను తన పతకం తీసి ఈయన చేతిలో పెట్టాడట. ఊరు నమ్మితేగా! బొంబాయిలో గుర్రాలకి గడ్డి వేసి, సంతలో పోతబిళ్ళ కొనుక్కొచ్చాడని తేల్చేసింది. పాపం, కన్నుమూసేదాకా ఆయన బొంకుల బడేసాహెబే.

కొడుక్కి పిచ్చి పట్టిందంటే పట్టదూ మరి? మనుబోలులో గానీ మైపాడులో గానీ పాత సిపాయి ఉన్నాడని వింటే చాలు, అమీర్ బాషా సైకిలెక్కేవాడు. ట్రంకుపెట్టెల అడుగున పడున్న జర్మనీ పతకాలన్నీ బతిమాలి తెచ్చుకునేవాడు. గాయపడ్డవాళ్ళకిచ్చే, ఇనపటోపీ బొమ్మ ఉన్న నల్లబిళ్ళ కూడా సంపాదించాడు. పది పతకాల పక్కన పెట్టి చూస్తే నాయన పతకం అసలుదో నకలుదో తెలుస్తుందని ఆశ. బిస్కెట్ డబ్బా నిండింది గానీ అనుమానం తీరలేదు.

చివరికి 1961లో మద్రాసు వెళ్ళి, ఇట్లాంటి పతకాలు కూడబెట్టే సంజీవరావు గారికి చూపించాడు. ఆయన భూతద్దం పెట్టి చూసి నిట్టూర్చాడు.

"అసలుదైతే మూడు ముక్కలుంటుందయ్యా. మధ్యలో ఇనుము, దానికి రెండు పక్కలా వెండి చట్రాలు. నకలుదైతే ఒకే పోత, పైన పూత. అంచున అతుకు చూస్తే చెప్పొచ్చు. అంచేదీ?"

అంచు ఎక్కడ కనబడుతుంది, అమ్మ చేసిన నిర్వాకానికి! కళాయివాడు వచ్చినప్పుడు, తుప్పు పడుతోంది కదాని, గిన్నెలతో పాటు దీనికీ కళాయి పూయించింది ఆ తల్లి.

"కోసి చూడాలి. కోస్తే ఇంక పతకం మిగలదు" అన్నాడు సంజీవరావు.

ఒళ్ళు మండిపోయి ఇల్లు చేరాడు అమీర్ బాషా. బస్సు దిగగానే టీకొట్టు ఆదెయ్య తగులుకున్నాడు. "ఏం భాయ్, మద్రాసోళ్ళు గూడా బొంకేనన్నారా?"

ఇంట్లో అడుగుపెట్టాడో లేదో భార్య నూర్‌బీ ఎదురొచ్చింది. "పీర్ల చావిడోళ్ళు మొహర్రానికి పీరుకి కొత్త వెండి పంజా చేయిస్తా ఉండారు. ఇంటింటికీ వెండి అడగతా ఉండారు. మనమేమిద్దాం?"

"ఈ దరిద్రాన్ని ఇచ్చెయ్! మూసలో వేసి కరగబెట్టుకోమను!" అని పతకం విసిరేసి పడుకున్నాడు.

రెండు రోజులకి కోపం దిగింది. డబ్బా తెరిస్తే పతకం లేదు.

"మీరే గదా ఇచ్చెయ్యమనింది?" అంది నూర్‌బీ.

"కోపంలో అంటే ఇచ్చేస్తారా ఎవరైనా?"

"ఏది కోపమో ఏది మాటో నాకెట్టా తెలిసేది? ఇన్నేళ్ళుగా మీరు ఇంకోరకంగా మాట్లాడితే గదా!"

చెప్పులు కూడా వేసుకోకుండా, పంజా చేస్తున్న కంసాలి మస్తానయ్య దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ మస్తానయ్య ఇతనికంటే మండిపడుతున్నాడు.

"వచ్చినావా అన్నా! నీ కళాయి తగరం కలిసి వెండంతా చెడింది. మళ్ళీ పుటం పెట్టి శుద్ధి చేసుకోవాల్సొచ్చె. అది చాలదని లోపల ఇనుము! ఇనుము కరుగుతుందా?" అంటూ పట్టకారుతో ఒక నల్లటి శిలువ తీసి ముందు పడేశాడు. మీద కిరీటం, కింద 1914.

"వెండి ఎట్టా ఊడింది? చూసినావా?"

"చూడకేం? కాక తగలగానే అతుకు వదిలి రెండు చట్రాలు రెండు తట్లా జారినాయి. ఆనక కరిగినాయి."

అమీర్ బాషా అక్కడే చతికిలబడ్డాడు. రెండు చట్రాలు. మధ్యలో ఇనుము. నాయన బొంకలేదు. ఆ మాట ఆయన బతికుండగా ఒక్కరూ అనలేదు, తను కూడా గట్టిగా అనలేకపోయాడు. కుంపటి ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని నేరుగా టీకొట్టుకి వెళ్ళి ఇనుము బల్ల మీద పెట్టాడు. ఆదెయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఇనపముక్క గదా భాయ్. మెడల్ ఏదీ?"

"పీరులో కలిసింది."

కొట్టంతా నవ్వింది. "అబ్బో, నాయన్ని మించినావే!" అన్నాడు ఆదెయ్య.

మొహర్రంలో పీర్లు లేచాయి. అరచెయ్యి ఆకారంలో ఉన్న కొత్త పంజా తళతళలాడుతూ టీకొట్టు ముందు ఆగింది. ఆదెయ్య పీరు ముందు బిందెడు నీళ్ళు వారబోసి, విభూది అందుకుని, కళ్ళు మూసుకుని తల వంచి మొక్కాడు.

"మొక్కరా, బాగా మొక్కు" అని గొణుక్కున్నాడు గుంపులో ఉన్న అమీర్ బాషా. అందులో ఉన్నది ఎవరి వెండో చెప్పబోయి, మళ్ళీ నవ్వుతారని ఊరుకున్నాడు.