రెండు షిఫ్టుల రాజ్మా

మగ్గాలు ఆగిపోయిన ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, కోపం మాత్రం నలుగురికి సరిపోయేంత ఉండేది. సూరత్‌లో, ఉధ్నాలోని మా అద్దె గదిలో పగటి షిఫ్టు వాళ్లు నలుగురు, రాత్రి షిఫ్టు వాళ్లం నలుగురం. ఒకరు పనికి పోతే ఇంకొకరు పడుకునేవాళ్లం, ఎవరి వంట వారిదే కాబట్టి ఎన్నడూ గొడవ లేదు. లాక్‌డౌన్ వచ్చి ఎనిమిది మందినీ ఒకేసారి ఆ గదిలో కుక్కేసింది. (కాళ్లు చాపుకోవడానికీ వంతులే.)

బియ్యం నిండుకున్న రోజు ఎవరో పుణ్యాత్ములు సంచెడు రాజ్మా ఇచ్చి, వారం దాకా మళ్లీ రామని చెప్పి వెళ్లారు. పుట్టి బుద్ధెరిగి మేం రాజ్మా వండలేదు. అయినా పగటి షిఫ్టు పెద్దమనిషి, మేమంతా కాకా అని పిలిచే ఆయన, "మటన్ల ఉన్న బలం గీండ్ల ఉంటదిరా! రక్తం పడ్తది, కడుపు నిండుగుంటది" అని అందుకున్నాడు. మధ్యాహ్నమంతా అదే ప్రసంగం. విసుగెత్తి స్నానానికి పోయి వచ్చి, మా నలుగురికీ నానబోద్దామని సంచి విప్పితే సగమే ఉంది. 'ఇంతేనా ఇచ్చింది!' అని ఆ పుణ్యాత్ముల్నే తిట్టుకుంటూ, ఎంత ఉబ్బుతాయో తెలియక ఉన్నదంతా బకెట్లో పోశాను.

తెల్లారి చూస్తే గింజలు ఉబ్బి నేలమీద పడుతున్నాయి. మూలన బట్టల మూటల చాటున ఇంకో బకెట్, అదీ అంతే.

"నువ్వెందుకు నానేసినవ్ కాకా?"

"మా షిఫ్టుకు నేన్ గాక ఎవడేస్తడ్రా?"

"షిఫ్టులు ఏడున్నయి కాకా! మగ్గాలు బందయి నెలాయె! వారం దినాల తిండి ఒక్కపారే నానేసినం!"

ఆ ఎండలకు సాయంత్రానికి పులిసిపోతాయి. గ్యాస్ అయిపోతే అయిందని మొత్తం మెత్తగా ఉడకబెట్టాం. పొద్దున ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి గుగ్గిళ్లలా గుడాలు, మధ్యాహ్నం చింతపండు పోసి పులుసు. ఇంకా పెద్ద వంట గంజు నిండా మిగిలింది. కాకా దాన్ని గిన్నెలకెత్తి, మా గల్లీలోని ఇళ్ల గడపల ముందు పెట్టి రమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మనకే గతి లేదు, మల్ల దానమొకటా!" అని అరిచాను. (మోసింది మాత్రం నేనే.)

మర్నాడు ఎదురింటి గుజరాతీ అక్క, మేం బెన్ అని పిలిచే ఆవిడ, గిన్నె తిరిగిచ్చింది, నిండా ఖిచిడీతో. "ఖాలీ కైసే దూఁ, భాయ్?" అంది. ఉత్త గిన్నె ఇవ్వకూడదట. ఆ వారమంతా రోజుకో ఇంటి నుంచి గిన్నె వచ్చింది, రోటీలతోనో, మజ్జిగ పులుసులాంటి కఢీతోనో. తప్పయిందని కాకాకు చెబుదామనుకున్నాను. చెప్పకుండానే తినేశాను.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురమే. అయినా రాజ్మా నానబోసేటప్పుడు నా చేయి ఆగదు. "గిన్ని ఎవరికి?" అని మా ఆవిడ కసురుతుంది.

"ఇంకో షిఫ్టోళ్లు ఉంటరు గద" అంటాను.