విర్రబీన్ దారి బోర్డుల అధ్యక్షుడు

మా విర్రబీన్‌లో లాన్స్ ట్రెజెన్జాని దారి అడిగితే ముందు ఊరి చరిత్ర వినాలి. "పాత పాలకేంద్రం దగ్గర ఎడమకి తిరుగు" అంటాడు. ఆ పాలకేంద్రం కాలిపోయి ఒక తరం గడిచింది. "హార్వీల పెద్ద యూకలిప్టస్ చెట్టు దాటాక కుడికి" అంటాడు. ఆ చెట్టు గాలివానకి కూలితే ముక్కలు కోసి పొయ్యిలో పెట్టుకున్నది ఆయనే. అడిగినవాడు బిక్కమొహం వేస్తే మాత్రం ఆయనకి జాలేస్తుంది. "సర్లే, నా వెనకాలే రా" అని ట్రక్కెక్కుతాడు. మా వైపు అందరిదీ ఇదే వరస. దారి చెప్పడం ఎవరికీ చేతకాదు, చూపించడమే తెలుసు. చేస్తున్న పని వదిలేసి, అరగంట దూరమైనా ముందు నడిచి, గేటు దాకా దిగబెట్టి, స్టీరింగు మీంచి ఒక్క వేలెత్తి సెలవు తీసుకుంటారు.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి పర్యాటకుల దారి బోర్డుల కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు.

చెయ్యక తప్పలేదు. గొర్రెల వేలాలు పాడీ పాడీ ఆయన గొంతు ఊరంతా వినబడేలా తయారైంది. ఆయన ఉన్నచోట ఇంకొకరు అధ్యక్షత వహించడం కుదిరే పని కాదు. మీటింగులు మా చర్చి హాల్లో జరిగేవి. అక్కడ పాస్టరమ్మని నేనే కాబట్టి టీ పోసే వంతూ నాదే. మొదలుపెట్టే ముందు ఆయన టోపీ తీసి, "ఒక చిన్న ప్రార్థన చెయ్యమ్మా" అనేవాడు. నిజంగానే చిన్నది చేసేదాన్ని. తర్వాత వచ్చేది ఎంత పొడుగో నాకు తెలుసు కాబట్టి.

రోడ్ల శాఖవాళ్ళు గోధుమరంగు బోర్డులు కొన్నే ఇస్తామన్నారు. లాన్స్ మొదటి బోర్డు జలపాతానికి రాసేశాడు. అందులో నీళ్ళు చలికాలంలో కొన్ని వారాలు పడతాయి. మిగతా ఏడాదంతా అదొక నల్లరాయి. రెండోది రోడ్డు పక్కన ఇంటంత ఎత్తున్న సిమెంటు పొట్టేలు బొమ్మకి. దాన్ని పట్టుబట్టి కట్టించింది లాన్సే. కొమ్ములు బాగా కుదిరాయి గాని, మొహం మాత్రం ఎందుకో ఆయన పోలికే వచ్చింది. ఆ మాట ఎవరూ పైకి అనరు, పాపం.

చివరి బెంచీలో నెరిడా బర్చెల్ కూర్చునేది. పెప్పర్ వాగు దగ్గరి రాతి చర్చి తాళంచెవి ఆమె వంటింటి తలుపు వెనక వేలాడుతుంది. ఆ చర్చికి ఇప్పుడు ఆరాధనకి వచ్చేవాళ్ళు లేరు. నగరంలోని చర్చి ఆస్తుల పెద్ద ఓట్వేగారు వేసవిలో వచ్చి చూస్తామనీ, మనుషుల రాకపోకలు లేకపోతే అమ్మేస్తామనీ కబురు పెట్టారు. కొనేవాళ్ళు దాన్ని సెలవుల విడిది చేసుకుంటారట. ఆ ఆవరణలోనే నెరిడా భర్తా, పురిట్లో పోయిన బిడ్డా ఉన్నారు.

"మాకో బోర్డు కావాలి లాన్సూ" అంది.

"పెప్పర్ వాగు చర్చికా? అదెక్కడుందో అందరికీ తెలుసు కదమ్మా."

"తెలిసినవాళ్ళంతా దాని ఆవరణలోనే పడుకున్నారు. తెలియనివాళ్ళ కోసం అడుగుతున్నా."

లాన్స్ టీలో చక్కెర కలుపుతూ ఉండిపోయాడు. కలిపిందే కలిపాడు. చివరికి "రాయండి" అన్నాడు. ఆయన్ని ఎగతాళి చెయ్యడం ఎంత తేలికో, పూర్తిగా చెయ్యడం అంత కష్టం. నెరిడా భర్త పోయిన ఏడాది వాళ్ళ గొర్రెల్ని ఉన్ని కత్తిరింపుకి తోలుకెళ్ళి, మళ్ళీ దొడ్లో కట్టేసిందెవరో ఆమెకి చాలాకాలం తెలియలేదు.

బోర్డులు నాటే చోట్లు గుర్తుపెట్టడానికి కమిటీ అంతా లాన్స్ ట్రక్కెక్కింది. ఊరి మధ్యలో హోటలు ముందు బయల్దేరి, ప్రతి మలుపు దగ్గరా దిగి, మేకు దిగగొట్టి, ఎర్రగుడ్డ కట్టి, తెచ్చుకున్న శాండ్‌విచ్‌లు తిని మళ్ళీ ఎక్కారు. ఒక్కో మలుపుకి రెండు బోర్డులు, రెండువైపులకీ మొహం పెట్టి నాటడం మంచిదని రోడ్ల శాఖ అమ్మాయి ఫోన్లో చెప్పింది.

"ఒకేచోట రెండా? ఒకసారి చదివితే అర్థంకాని వాడు మన ఊరు రానక్కర్లేదు" అన్నాడు లాన్స్. అందరూ తలూపారు. టీ ఫ్లాస్కు మోస్తూ నేనూ ఊపాను.

బోర్డులొచ్చాయి. రిబ్బను కట్టారు, కత్తిరించారు. లాన్స్ ఉపన్యాసం అయ్యేసరికి ఈగలే విసిగిపోయి వెళ్ళాయి. ఇక రోజూ పొద్దున్నే ట్రక్కులో వెళ్ళి బోర్డులన్నీ చూసి, మురిసిపోయి, ఇంకో దారిన పొట్టేలు మీదుగా ఇంటికొచ్చేవాడు.

పర్యాటకులు మాత్రం రాలేదు. నెరిడా వారం వారం చర్చి ఊడ్చి, పూలు మార్చి, గుమ్మంలో కూర్చుని, మళ్ళీ తాళం వేసుకుని వచ్చేది.

ఫిబ్రవరి అంటే మాకు నడివేసవి. ఆ ఎండలో ఒక మధ్యాహ్నం లాన్సూ, నెరిడా, నేనూ ట్రూడీ బేకరీలో ఉన్నాం. బాగా నలిగిన కోటుతో ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. ఆయనే ఓట్వేగారు.

"పెప్పర్ వాగు చర్చికి దారి ఎటండీ? హైవే దిగి రెండుసార్లు ఆ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను."

"బోర్డు పెట్టాం కదండీ, ఇంత పెద్దది" అన్నాడు లాన్స్, చేతులు బారచాపి.

"రాతల్లేని రేకులు చాలా కనబడ్డాయి. ఏదో అమ్మకానికి పెట్టిన పొలాలేమో అనుకున్నాను. వెనక్కి తిరిగినప్పుడు ఎండ కళ్ళల్లో పడి ఏమీ కనబడలేదు."

బేకరీలో ఎవరూ నమలలేదు. లాన్స్ గోడ వైపు చూస్తూ, వేలితో గాల్లో హోటలు దగ్గర్నుంచి మలుపు దాకా గీసుకున్నాడు. మళ్ళీ హైవే దగ్గర్నుంచి గీశాడు. ఆ వేలు సగంలోనే ఆగిపోయింది. మేమంతా పుట్టిందగ్గర్నుంచీ ఊళ్ళోంచి బయటికే బయల్దేరాం. బయట్నుంచి ఊళ్ళోకి బయల్దేరేవాళ్ళు కూడా ఉంటారని ఒక్కరికీ తట్టలేదు.

"అంటే, లాన్సూ, మన బోర్డులు మనకే దారి చూపిస్తున్నాయన్నమాట" అంది ట్రూడీ.

"ఊరొదిలి పోయేవాళ్ళకి" అంది నెరిడా. ఆమె మొహం పాలిపోయింది. "పోయేవాళ్ళకేం తక్కువ లేదు మనకి. వచ్చేవాళ్ళే లేరు."

లాన్స్ టోపీ పెట్టుకుని, "నా వెనకాలే రండి" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం నేనెరిగి అదే మొదలు.

మూల బల్ల దగ్గర చక్రాల ఇల్లు లాంటి కారవాన్‌తో వచ్చిన ముసలి దంపతులు, "జలపాతం కూడా అటేనా బాబూ?" అని అడిగారు.

"అటే. మీరూ రండి."

ముందు లాన్స్ ట్రక్కు, వెనక ఓట్వేగారు, ఆయన వెనక కారవాన్. ట్రూడీ షాపు మూసి స్కోన్ రొట్టెల పళ్ళెంతో నెరిడా బండెక్కింది. నేనూ ఎక్కాను. ఊరేగింపు వెళ్తుంటే బోర్డులన్నీ మాకేసే మొహాలు పెట్టి, తెలిసిన సంగతే చక్కగా చెప్పాయి.

చర్చి తలుపు తీయగానే చల్లటి రాతి వాసన వచ్చింది. ఓట్వేగారు గోడలూ, కప్పూ చూసి అడిగారు. "ఇంతమంది వస్తుంటారా అమ్మా?"

అవునంటే సరిపోయేది. చెప్పమన్నట్టు లాన్స్ కళ్ళతో సైగ కూడా చేశాడు.

"రారండీ" అంది నెరిడా. "ఇవాళ దారి తప్పారు, అంతే."

లాన్స్ కళ్ళు మూసుకున్నాడు.

ఈలోగా కారవాన్ పెద్దాయన టోపీ తీసి వెనక బెంచీలో కూలబడ్డాడు. "జలపాతం తర్వాత చూద్దాంలే. కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా?" అన్నాడు. ఆయన భార్య బయట నెరిడా బిడ్డ సమాధి మీది చిన్న రాయి దగ్గర వంగి, దాని మీది ఎండుటాకులు చేత్తో తీస్తోంది. ఎవరూ చెప్పలేదామెకి.

ఓట్వేగారు ఆమెనే చాలాసేపు చూశారు. "దారి తప్పినవాళ్ళు కూర్చోవడానికే కదమ్మా దీన్ని కట్టింది" అన్నారు. "అమ్మకం మాట నేనుండగా ఎత్తను." తర్వాత రెండు స్కోన్‌లు తిన్నారు, జామ్ ఎక్కువ వేసుకుని.

ఆ తర్వాత మీటింగులో లాన్స్ గొంతు మళ్ళీ వచ్చింది. పర్యాటకులు ముందు ఊళ్ళోకొచ్చి బేకరీలో తినాలనీ, అప్పుడే బయటికెళ్ళాలనీ తాను ముందే ఆలోచించి బోర్డులు అలా పెట్టించానన్నాడు. ఎవరూ కాదనలేదు. టీ వేడిగా ఉంది.

రోడ్ల శాఖవాళ్ళు బోర్డులు తిప్పడానికి వచ్చినప్పుడు నెరిడా వాగు మలుపు దగ్గర నిలబడింది. "అన్నీ తిప్పండి బాబూ. నాది మాత్రం వద్దు."

"అదేంటమ్మా, తిప్పకపోతే మీ దగ్గరికి ఎవరూ రారు కదా?"

"వస్తారు. ఊళ్ళో అడుగుతారు. లాన్స్ తీసుకొస్తాడు" అంది. "ఆ పనీ లేకపోతే ఇంకో పొట్టేలు కట్టిస్తాడు."