గళ్ళ చొక్కావాడు ఎప్పుడు లేచాడు

ముసుగు వీరుల సినిమాలంటే పిండికట్టు మామయ్య చెవి కోసుకుంటాడు. కాకపోతే ఆయన చూసేది వీరుణ్ణి కాదు, వీరుడి చేతిలో తన్నులు తిని కిందపడ్డవాళ్ళని. వాళ్ళలో ఎవడికి ఏ ఎముక విరిగిందో, అది అతుక్కోవడానికి ఎన్ని వారాలు పడుతుందో హాలంతా వినిపించేలా చెప్పందే ఆయనకు సినిమా చూసినట్టుండదు.

ఆయన్ని అని లాభం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆస్పత్రి ఎముకల వార్డులో పిండికట్లు వేయడమే ఆయన ఉద్యోగం. గోళ్ళ సందుల్లో తెల్లపిండి లేని రోజు లేదు. పెళ్ళి ఫొటోలో కూడా కుడిచేతి వేళ్ళు తెల్లగానే ఉంటాయి. ఎవరైనా కరచాలనానికి చెయ్యి చాస్తే ముందు మణికట్టు తడిమి, బాగానే ఉందనిపించాక అప్పుడు ఊపుతాడు.

ఆయనకు ప్రాణమైన వీరుడు నల్లకొంగ. మొదట బొమ్మల కథల పుస్తకాల్లో పుట్టి, తరవాత సినిమాలకెక్కాడు. పగలంతా నీటి సరఫరా కార్యాలయంలో గుమాస్తా. పని వేళ దాటగానే పొడుగు ముక్కున్న ముసుగు తగిలించుకుని, మేడల అంచుల మీద ఒంటికాలితో నిలబడి దుర్మార్గుల కోసం కాచుకుని ఉంటాడు. ముసుగు మీదనుంచే తన పాత కళ్ళజోడు పెట్టుకుంటాడు, అయినా ఆఫీసులో ఒక్క మనిషి గుర్తుపట్టడు. ప్రతి భాగంలోనూ కనీసం నాలుగుసార్లు, "న్యాయం ఒంటికాలి మీద కూడా నిలబడుతుంది" అని గొంతు బొంగురుగా చేసి చెబుతాడు. అట్ట గోడలు బద్దలవుతాయి, ముప్ఫైమంది గూండాలు వరసలో నిలబడి ఒక్కొక్కరే వచ్చి తన్నించుకుని పోతారు. ఆ ముప్ఫైమందీ మామయ్య పేషెంట్లే.

అత్తయ్య ఆయనతో సినిమాకి వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది. అప్పట్లో తెరమీద ఒక గూండాని తోటి గూండాలు రెండు చేతులూ పట్టుకుని ఈడ్చుకుపోతుంటే మామయ్య సీట్లోంచి లేచి, "ఆపండయ్యా, వెన్నెముక. చెక్కపలక తెచ్చి దానిమీద పడుకోబెట్టండి" అని కేకేశాడట. టార్చిలైటు మనిషి పరిగెత్తుకొచ్చి, "ఎవరికి సార్ దెబ్బ తగిలింది?" అని అడిగితే, మామయ్య తెరవైపు చూపించాడట. ఆ రోజు అత్తయ్య విరామంలోనే ఇంటికి వెళ్ళిపోయింది.

అత్తయ్య వదిలేసిన సీటు మేనకోడలికి వచ్చింది. ఆ అమ్మాయి ఫిజియోథెరపీ చదివి ఆరునెలల కిందటే అదే ఆస్పత్రిలో, అదే వార్డులో చేరింది. మామయ్య కట్టు కట్టి విప్పినవాళ్ళను నడిపించడం ఆమె పని. ఒకే వార్డు, ఒకే క్యాంటీను, దానికి తోడు ఆదివారం ఒకే సినిమా. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె కొంగుతో మొహం కప్పుకుని కూర్చుంది. రెండోసారికి తెలిసిందేమిటంటే, ఆ హాల్లో మామయ్య ఉంటేనే జనానికి సరదా. నల్లకొంగ ఎవణ్ణయినా కొట్టగానే వెనక వరసల్లోంచి గొంతులు లేచేవి.

"ఎన్ని వారాలు సార్?"

"కుడి మణికట్టు. ఆరు వారాలు."

"ఆ లావుపాటాయనకి సార్?"

"పక్కటెముకలు. వాటికి కట్టుండదు నాయనా. మూడు వారాలు నవ్వకుండా ఉండడమే వైద్యం."

హాలంతా గొల్లుమనేది. మామయ్య మాత్రం నవ్వేవాడు కాదు. తెర వెలుగులో నీలం అట్ట నోటుబుక్కు తీసి, ఏదో రాసుకునేవాడు. అందులో నాలుగు గడులు: ఏ భాగం, ఎవడు, ఏ ఎముక, ఎప్పుడు లేచాడు. గూండాలకు సినిమాలో పేర్లుండవు కాబట్టి మామయ్యే పెట్టాడు. చెవిపోగువాడు, గొడుగువాడు, తలుపు దగ్గర కునికేవాడు. మొదటి మూడు గడులూ హాల్లోనే నిండేవి. నాలుగోది ఖాళీగా ఉండేది.

"వాడు ఎప్పుడు లేచాడో నీకెలా తెలుస్తుంది మామయ్యా? సినిమా అయిపోయిందిగా" అని ఒకసారి అడిగింది.

"తెలుస్తుందిలే" అన్నాడు మామయ్య, నోటుబుక్కు జేబులో పెట్టుకుంటూ.

ముదిరిందనుకుంది మేనకోడలు.

ఆ రోజుల్లోనే ఆమెకు డ్రైవరమ్మతో చిక్కొచ్చి పడింది. డ్రైవరమ్మ పందొమ్మిదేళ్ళు సిటీబస్సు నడిపింది, బస్సుకి గీత పడనివ్వలేదు. అలాంటి మనిషి ఇంట్లో కర్టెన్ మార్చడానికి స్టూలెక్కి, జారిపడి కుడి చీలమండ విరగ్గొట్టుకుంది. మామయ్య కట్టు కట్టాడు, ఏడు వారాలకు విప్పాడు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది. కానీ ఆవిడ ఆ కాలు నేలకి ఆనించదు. నడక నేర్పే రెండు కమ్మీల మధ్య నిలబెడితే ఎడమకాలి మీదే నిలబడుతుంది. మేనకోడలు బతిమాలింది, బెదిరించింది, నేలమీద సుద్దతో గీతలు గీసింది. పదకొండు రోజులు గడిచాయి. ఒంటికాలి మీద నిలబడే న్యాయం ఆ అమ్మాయికి సినిమాలోనూ తప్పలేదు, వార్డులోనూ తప్పలేదు.

ఒకటో తారీకున డిపోలో డ్రైవరమ్మకు పరీక్ష. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుంటే బ్రేకు తొక్కి చూపించాలి. చూపించలేకపోతే బస్సు దిగి, డిపో ఆఫీసులో కుర్చీ ఎక్కాలి.

"ఆ గదికి కిటికీ కూడా లేదు డాక్టరమ్మా" అంది డ్రైవరమ్మ. "నాకు తెలుసు కాలు ఆనించాలని. ఆనించబోతే స్టూలు జారినట్టే ఉంటుంది. నేనేం చెయ్యను?"

మేనకోడలు ఆ సాయంత్రం కట్లగదికొచ్చి కూర్చుంది. "నావల్ల కావట్లేదు మామయ్యా. ఆవిడ ఉద్యోగం పోతే నా చేతకానితనం వల్లే పోయినట్టు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మామయ్య చేతులు కడుక్కుని, నోటుబుక్కు తిరగేశాడు. "కుడి చీలమండ. ఉన్నాడు. గళ్ళ చొక్కావాడు" అన్నాడు. అని తిన్నగా డ్రైవరమ్మ మంచం దగ్గరికి పోయాడు.

"డ్రైవరమ్మా, నల్లకొంగ రెండో భాగంలో ఒకడుంటాడండి. ఆరడుగుల మనిషి, నున్నటి గుండు, గళ్ళ చొక్కా. కొంగ వాణ్ణి మూడో అంతస్తునుంచి పడేశాడు. కుడి చీలమండ, అచ్చం మీదే. మరి మూడో భాగంలో ఏం చేశాడనుకున్నారు?"

"ఏం చేశాడు?"

"బస్సు నడిపాడు. అదే కాలితో."

డ్రైవరమ్మ దిండుమీంచి లేచి కూర్చుంది. "ఏం బస్సు?"

"సిటీబస్సే."

"గేర్ల బస్సా? గేర్లు లేనిదా?"

మామయ్య తడబడ్డాడు. "గేర్లదే అయ్యుంటుంది."

"నేను చూడాలి" అంది డ్రైవరమ్మ.

నాలుగో భాగం రాబోతోందని హాలువాళ్ళు పాత భాగాలు మళ్ళీ ఆడిస్తున్నారు. ఆ ఆదివారం మధ్యాహ్నం మూడోది. మేనకోడలు పెద్ద డాక్టరుగారి దగ్గర అనుమతి తీసుకుంది, చక్రాల కుర్చీ సిద్ధం చేసింది. తీరా మామయ్యే వెనక్కి తగ్గాడు. సినిమా అంటే అన్నం మానేసే మనిషి, ఆ హాల్లో సౌండు బాగుండదన్నాడు. సీట్లు గట్టివన్నాడు. చివరికి తనకి జలుబన్నాడు. మేనకోడలికి అర్థం కాలేదు. జలుబుతో సహా ఆయన్ని లాక్కెళ్ళింది.

హాల్లో డ్రైవరమ్మ నడవ పక్క సీట్లో కూర్చుంది. అటు మేనకోడలు, ఆ పక్కన మామయ్య. మొదటి తన్నులాటలోనే ఆరుగురు పడ్డారు.

"ఎన్ని వారాలు సార్?" వెనకనుంచి కేకొచ్చింది.

మామయ్య నోరు మెదపలేదు. "సార్ రాలేదురా ఇవాళ" అని ఎవరో ఉసూరుమన్నారు.

అంతలో బస్సు వచ్చింది. స్టీరింగు ముందు గళ్ళ చొక్కా. చొక్కా గళ్ళదే కానీ, మనిషి స్టీరింగు మీంచి కనీకనపడకుండా ఉన్నాడు. పైగా ఒత్తయిన జుట్టు, బారెడు మీసం.

"వీడేనా?" అంది డ్రైవరమ్మ.

"వీడే" అన్నాడు మామయ్య నేలచూపులు చూస్తూ.

"గుండన్నారే?"

"ఏడు వారాలు మంచంమీద ఉంటే ఎవరికైనా పెరుగుతుందండి."

"ఆరడుగులన్నారే?"

"కూర్చున్నాడుగా."

మేనకోడలు మామయ్యకేసి తిరిగింది. ఆయన తెర వెలుగులో దొంగపిల్లిలా కనిపించాడు. ఇన్నాళ్ళూ ఆ నోటుబుక్కులో రాసుకున్నదంతా ఉత్తుత్తిదేనా అని ఆమెకు ఒళ్ళు మండింది. డ్రైవరమ్మకు సంగతి తెలిస్తే ఉన్న ఆ కాస్త ఆశా పోతుందని భయపడింది.

డ్రైవరమ్మ మాత్రం వాళ్ళను పట్టించుకోవడం మానేసింది. తెరమీద బస్సు సంతలోకి దూసుకుపోతోంది. పైకప్పు మీద నల్లకొంగ ఒంటికాలితో నిలబడి డైలాగు చెబుతున్నాడు.

"మలుపులో ఆ వేగమేమిట్రా" అంది డ్రైవరమ్మ పళ్ళ బిగువున. "అద్దం చూడు. వెనక జనం నిలబడున్నారు, చూడవేం. బ్రేకు. బ్రేకు వెయ్యరా సన్నాసీ."

దబ్బుమని చప్పుడైంది. మేనకోడలు కిందికి చూసింది. డ్రైవరమ్మ కుడికాలు నేలమీద ఉంది. ఊరికే ఆనలేదు, అరికాలు మొత్తం బిగించి తొక్కుతోంది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఆ కాలు లేస్తోంది, మళ్ళీ దబ్బున పడుతోంది. మేనకోడలు మామయ్యను మోచేత్తో పొడిచింది. ఆయన కూడా అప్పటికే కిందికే చూస్తున్నాడు.

బస్సు వెళ్ళి అట్ట గోడను గుద్దుకుంది. గళ్ళ చొక్కావాడు కిటికీలోంచి ఎగిరి పళ్ళబుట్టల్లో పడ్డాడు. మామయ్య లేచి నిలబడ్డాడు.

"కుడి చీలమండ. ఏడు వారాలు" అని హాలు దద్దరిల్లేలా చెప్పాడు.

"సార్ ఉన్నారురోయ్" అని వెనక వరసలు ఈలలేశాయి.

బయటికొచ్చాక డ్రైవరమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని ఆ డ్రైవరును తిడుతూనే ఉంది. "క్లచ్చు తొక్కకుండా గేరు మార్చాడు చూశారా. వాడికి లైసెన్సు ఎవడిచ్చాడు? నేనయితే ఆ మలుపుకి ముందే బ్రేకు వేసుందును."

"వేశారు. ఎనిమిదిసార్లు" అంది మేనకోడలు.

డ్రైవరమ్మ తన కాలికేసి చూసుకుంది.

"నొప్పిగా ఉందా?"

"మీరు అడిగారు కాబట్టి ఇప్పుడు మొదలైంది" అంది డ్రైవరమ్మ.

మర్నాడు మేనకోడలు మామయ్యను కడిగేద్దామని కట్లగదికి వెళ్ళింది. ఆయన లేడు. నీలం అట్ట నోటుబుక్కు బల్లమీద ఉంది. తెరిచింది. నాలుగో గడిలో తారీకులు, ఒక్కోటి ఒక్కో రంగు సిరాతో. ఒక తారీకు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. చెవిపోగువాడు, కుడి మోకాలు, లేచింది జూన్ తొమ్మిది. ఆ తారీకు ఆమె మరచిపోయేది కాదు. ఉద్యోగంలో చేరిన వారమే, పొడుగాటి పోస్ట్‌మ్యాన్ కమ్మీ వదిలి మొదటి అడుగు వేసి, వేసిన అడుగుతో పాటు ఆమె భుజమ్మీద వాలిపోయిన రోజు. ఆయనది కుడి మోకాలు.

పరిగెత్తుకెళ్ళి తన రిజిస్టరు తెచ్చుకుంది. గొడుగువాడి తుంటి లేచిన రోజు సంగీతం టీచరుగారు నడిచిన రోజు. తలుపు దగ్గర కునికేవాడి మడమ లేచిన రోజు రెండో మంచం తాతగారు వరండా దాకా వెళ్ళి, తిరిగి రానని మొండికేసిన రోజు. ఒక్కటీ తప్పలేదు. గళ్ళ చొక్కావాడి గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

"చూసేశావా" అన్నాడు వెనకనుంచి మామయ్య, పిండి బకెట్టు దించుతూ.

ఆమె తలెత్తింది. కడిగేద్దామనుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "వాళ్ళెవరూ మళ్ళీ సినిమాల్లోకి రాలేదు కదా మామయ్యా?"

"ఎక్కడొస్తారమ్మాయ్. కొంగ ఎగిరిపోతాడు, పేర్లు పడతాయి, జనం లేచి వెళ్ళిపోతారు. కింద పడ్డవాళ్ళు అలా పడే ఉంటారు. నాకు అది నచ్చదు. సినిమా బ్రహ్మాండంగా ఉంటుంది కానీ అదొక్కటీ నచ్చదు." చేతులు తుడుచుకున్నాడు. "మన వార్డులోవాళ్ళు, నువ్వు లేస్తావంటే నమ్మరు. అలాంటివాడే ఇంకొకడు లేచాడంటే నమ్ముతారు. అందుకని తలా ఒకణ్ణి అప్పగిస్తాను. వీళ్ళు లేచిన రోజు వాళ్ళనీ లేపేస్తాను. ఇద్దరికీ మంచిదేగా."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నవ్వే గెలిచింది.

మంగళవారం పదిన్నరకు డ్రైవరమ్మ కమ్మీల మధ్య రెండు కాళ్ళమీదా నిలబడింది. "ఎదురుగా మలుపు" అంది మేనకోడలు. డ్రైవరమ్మ కుడికాలు ముందుకు పడింది. నాలుగు అడుగులు వేసి, "ఆ సన్నాసికంటే నేనే నయం" అంది. తరవాత ఇరవై రోజులూ వార్డులో ఆవిడ చప్పుడే. ఒకటో తారీకున ఇన్‌స్పెక్టరు గారు బ్రేకు పరీక్షలో ముందు అద్దానికి ముక్కు తగిలించుకుని, పాస్ అని రాసిచ్చారు.

నల్లకొంగ నాలుగో భాగం విడుదలైన ఆదివారం మామయ్యా మేనకోడలూ బస్సెక్కారు. స్టీరింగు ముందు డ్రైవరమ్మ.

"అన్నయ్యగారూ, నాకా రోజే తెలుసు వాడు వేరేవాడని" అంది అద్దంలోంచి చూస్తూ. "పందొమ్మిదేళ్ళు ఈ అద్దంలో మొహాలు చూసిన దాన్ని. ఇంతకీ అసలు గుండువాడు లేచాడా?"

"లేచాడండి. మంగళవారం పదిన్నరకి" అన్నాడు మామయ్య, జేబు తడుముకుంటూ.

"మంచిదైంది" అంది డ్రైవరమ్మ, బస్సు కదిలించింది.

హాల్లో దీపాలారాయి. నల్లకొంగ మేడ అంచున ఒంటికాలితో నిలబడి, అనాల్సిన మాట అని, ఎర్ర టోపీవాణ్ణి మెట్లమీంచి దొర్లించాడు. వెనక వరసల్లోంచి గొంతులు లేచాయి.

"ఎన్ని వారాలు సార్?"

మామయ్య కళ్ళజోడు సర్దుకునేలోగా మేనకోడలు లేచి నిలబడింది. "ఎడమ మోచెయ్యి. ఐదు వారాలు" అంది హాలంతా వినిపించేలా.

ఈలలు మోగాయి. ఆమె కూర్చుని మామయ్య వైపు వంగి, "నాలుగో మంచం బేకరీ ఆయనకి సరిపోతాడు, రాసుకో" అంది.

మామయ్య అప్పటికే రాసుకుంటున్నాడు.